మూడు చుక్కల స్ప్రింగు

పోయిన వారం మనం విశాఖ వన్‌టౌన్‌లో మెహక్ వర్క్‌షాపు ముందు ఆగిపోయాం. క్రేన్ బండికి వేలాడుతూ వచ్చిన నీలం కారును జగ్గయ్య సరిగ్గా షట్టరుకు ఎదురుగా దింపించాడు. కారుకు ముందు బంపరు లేదు. బానెట్టు మడతపడి పైకి లేచింది. కిందటి శనివారం సింహాచలం కొండ మీద అప్పన్న సన్నిధిలో పూజ చేయించుకుని, టైర్ల కింద నిమ్మకాయలు నలిపించుకుని దిగుతూ ఘాట్ రోడ్డు మలుపులో వెనక చక్రాలు జారి పిట్టగోడను గుద్దిన కారు అది. నడుపుతున్న సన్నీకి గీత కూడా పడలేదు. పక్కన కూర్చున్న అతని భార్య దుర్గకు కాలు విరిగింది. ఆ కారుకు స్ప్రింగులు మార్చింది మెహక్. ఇంకేం కావాలి? ఫిషింగ్ హార్బర్లో వారం రోజులుగా అందరి నోటా ఆమె పేరే.

జగ్గయ్య సన్నీ తండ్రి, రెండు మరపడవల ఆసామి. సముద్రం మీద అరిచి అరిచి అలవాటైన గొంతు నేల మీద కూడా తగ్గేది కాదు. అత్తరు కొట్టువాడు, ఎదురింటి టైలరు, టీ తాగుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లు అప్పటికే చుట్టూ చేరారు.

“ఇప్పు. నా ఎదరే ఇప్పు. మెత్తటి స్ప్రింగులెట్టీసి నా కోడల్ని మంచానెట్టీసినావు. మావోడు గట్టివి ఎట్టమంటే నీకేటి పోయింది?” అన్నాడు.

మెహక్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. తెలిసినవాళ్లు ఆ తగ్గిన గొంతుకే భయపడతారు. వారం రోజులుగా ఆమె ఆ కోపాన్ని అన్నంతో కలిపి మింగుతోంది. ఆస్పత్రికి వెళ్తే దుర్గ గోడవైపు తిరిగి పడుకుంది. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న దుర్గ. “మా ఆయన బండి ఇంకెవరికీ ఇయ్యను, నీకే ఇత్తాను” అని సన్నీని చెయ్యి పట్టి లాక్కొచ్చిన దుర్గ. ఊరంతా తిట్టినా మెహక్ తట్టుకునేది. దుర్గ వీపును మాత్రం తట్టుకోలేకపోయింది.

“ఇప్పుతాను మావయ్యా,” అంది. దుర్గ మామగారు కాబట్టి ఆమెకూ ఆయన మావయ్యే. “నా తప్పని తేలితే ఈ షట్టరు నానే దించేత్తాను. మళ్లీ స్పానర్ ముట్టుకోను. కాదని తేలితే మాత్రం, ఎవులెవుల దగ్గర నా పేరు సెడగొట్టినావో ఆళ్లందరి దగ్గరికీ నువ్వే ఎళ్లి సెప్పాల.”

జగ్గయ్య సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. పక్కనే అతని భార్య చిట్టమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. హార్బర్లో రొయ్యల బేరం ఆమెదే. పడవ వచ్చాక జగ్గయ్య మాట ఎంత దూరం చెల్లుతుందో ఆమెకు బాగా తెలుసు. సన్నీ అందరికంటే వెనక నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

గుమ్మం పక్కన బల్ల మీద మెహక్ తండ్రి మొహియుద్దీన్ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఈ వర్క్‌షాపు ఆయనది. పోర్టులో తిరిగే లారీల్లో సగానికి బరువు మోసే కమాను పట్టీలు ఆయన కొలిమిలో కాలినవే. తాను కొట్టిన ప్రతి ఇనుము మీదా సుత్తితో మూడు చుక్కలు వేయడం ఆయన అలవాటు. చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం కూతురికి అప్పగించాడు గానీ వెనక గదిలో కొలిమిని మాత్రం తీయనివ్వలేదు. కూతుర్ని వీధిలో నిలబెట్టి ఇన్ని మాటలు అంటుంటే ఆయన గ్లాసులో టీ వంకే చూస్తున్నాడు. వారం రోజులుగా అంతే. పెద్దవాడు, గొడవలంటే భయం, పోనీలే అని మెహక్ సర్దుకుంది.

ఇంట్లో అమ్మీ లేకపోవడం ఒక్కటే ఆ రోజు జరిగిన మంచి. తమ్ముడు సాకిబ్ ఆదివారం సెలవు కదా అని ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి పొద్దున్నే వచ్చి అమ్మీని, తన భార్య అనమ్‌ను కార్లో ఎక్కించుకుని అరకు తీసుకెళ్లాడు. సాకిబ్, సన్నీ చిన్నప్పటి జతగాళ్లు. ఒకే మోడల్ కారు ఒకేసారి కొన్నారు. సన్నీది నీలం, సాకిబ్‌ది తెలుపు.

మెహక్ కారు వెనక్కి వెళ్లి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

“మావయ్యా, ఓసారి దీని మీద కూకో.”

జగ్గయ్య బియ్యం మూటకు రెండింతలు ఉంటాడు. ఎందుకని అడగబోయి, నలుగురూ చూస్తున్నారని కూర్చున్నాడు. కారు వెనక భాగం కిందికి దిగలేదు. సిమెంటు అరుగు మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

తాను వేసిన స్ప్రింగులైతే ఆ బరువుకు రెండు వేళ్ల మందం దిగి ఉండాలి. ఆ సంగతి మెహక్ కంటే బాగా ఎవరికి తెలుసు? వాటిని ఎంచడానికి ఆమె పడిన తంటా అంతా ఇంతా కాదు. సన్నీ పక్కన కూర్చుని అతను రోజూ తిరిగే దారంతా తిరిగింది. హార్బర్ నుంచి కాన్వెంట్ జంక్షన్, అక్కడి నుంచి బొగ్గు లారీలు గాడులు కొట్టేసిన పోర్టు రోడ్డు, ఆదివారాలు సన్నీ సరదా పడే కైలాసగిరి మలుపులు. కంపెనీ స్ప్రింగులతో మలుపులో కారు ఒరుగుతోంది, నిజమే. మరీ గట్టివి వేసి చూస్తే పోర్టు రోడ్డు మీద చక్రం గుంటలోంచి లేచి గాల్లోనే ఉండిపోతోంది. నేలను వదిలేసిన చక్రానికి బ్రేకూ పట్టదు, మలుపూ పట్టదు. అందుకే నడిమివి ఎంచి, తనవని తెలియడానికి పసుపు రంగు పూసి మరీ బిగించింది. కారును బిర్రుగా నిలబెట్టడం కాదు స్ప్రింగు పని, టైరును నేలకు అంటించి ఉంచడం అని సన్నీకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అతను తల ఊపి వెళ్లాడు. బీచ్ రోడ్డులో స్నేహితులు “ఏటి బావా, ఇంకా పడవలాగ ఊగుతంది” అని నవ్వినప్పటి నుంచీ మళ్లీ గట్టివి కావాలని వెంటపడ్డాడు. మెహక్ కుదరదంది.

ఇప్పుడు ఆమె మాట్లాడకుండా జాకీ పెట్టి కారు వెనక భాగం లేపింది. చక్రం విప్పింది. ఊపును ఆపే డంపర్ కింది బోల్టు తీసి ఇరుసును కిందికి నొక్కితే స్ప్రింగు దానంతటదే చేతిలోకి వచ్చింది. అది పసుపు రంగులో లేదు. నల్లగా, తన బొటనవేలంత మందం తీగతో, రెండు చుట్లు కోసేసిన స్ప్రింగు అది. ఏ పాత గూడ్స్ వ్యాను కిందో ఉండాల్సింది. కోసిన కొసను కాల్చి, సాపు చేసి, కారుకు సరిపోయేలా కూర్చోబెట్టారు. పొట్టి చేసిన స్ప్రింగు ఇంకా బిగుస్తుంది. పైగా ఇది ముందే లావుది. ఎవరు చేశారో గానీ పనితనం తెలిసినవాళ్లే చేశారు.

మెహక్ గుడ్డముక్కతో ఆ కొసను తుడిచింది. మూడు చుక్కలు కనిపించాయి.

ఒక్క క్షణం ఆమె బొటనవేలు ఆ చుక్కల మీదే ఆగింది. అలాగే ఉంచేస్తే ఎవరికీ తెలియదు. జగ్గయ్యకు స్ప్రింగు అంటే స్ప్రింగే. సన్నీ ఎవరి దగ్గరో మార్పించుకున్నాడు, పొండి అంటే సరిపోతుంది. తన అబ్బా పరువు నిలుస్తుంది. కానీ పక్కన కూర్చుని టీ తాగుతూ వారం రోజుల పాటు ఈ తిట్లన్నీ విన్న మనిషి పరువు తాను ఎందుకు మోయాలి?

ఇంట్లో తండ్రీకూతుళ్లు ఉర్దూలో మాట్లాడుకుంటారు. ఆ రోజు మెహక్ తెలుగులో అడిగింది, వీధిలో అందరికీ అర్థం కావాలనే అడిగింది.

“అబ్బా, ఇది నీదేనా?”

మొహియుద్దీన్ గ్లాసు కింద పెట్టాడు.

జగ్గయ్య ముందుకొచ్చి స్ప్రింగు వంక, ముసలాయన వంక మార్చి మార్చి చూశాడు. మొయిద్దీన్ భాయ్ చేతి పని మీద ఆయనకు ఏనాటి నుంచో గురి. వాళ్ల చేపల లారీకి కమాన్లు ఆయనవే. సంగతి అర్థమైంది చిట్టమ్మకు. ఆమె చూపు ముసలాయన మీద లేదు, కొడుకు మీద ఉంది. సన్నీ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

“ఒరే, ఆ ఫోను జేబులో ఎట్టి ఇటు సూడు,” అంది చిట్టమ్మ. “నీకు తెలుసా, నేదా?”

ఇక దాచేదేముంది? సన్నీ నసుగుతూ చెప్పాడు. మెహక్ సామాన్ల కోసం అనకాపల్లి వెళ్లిన రోజు చూసుకుని వచ్చి మొహియుద్దీన్‌ను బతిమాలాడట. మీ అమ్మాయి నా మాట వినదు చాచా, నువ్వైనా గట్టివి వేసి పెట్టు అన్నాడట. మీ చేతి స్ప్రింగు ముందు ఈ కొన్న స్ప్రింగులు ఎంత అని కూడా అన్నాడట. ముసలాయన పొంగిపోయాడు. చాలా కాలానికి ఒకడు తన దగ్గరికి పని కోసం వచ్చాడు మరి. ప్రమాదం జరిగాక మాత్రం సన్నీ నోరు మెదపలేదు. మెహక్ వేసినవి మెత్తబడి కారు జారిందని తండ్రి అనుకుంటే అనుకోనిచ్చాడు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లను చూశాం గానీ, ఓటి మద్దెలను దొంగతనంగా తెచ్చి దాన్ని ఇంకొకరి మెడకు కట్టేవాణ్ని ఇప్పుడే చూస్తున్నాం.

“దుర్గకి తెలుసా?” అని అడిగింది మెహక్.

సన్నీ తల అడ్డంగా ఊపాడు. మెహక్ చేతిలో స్ప్రింగు ఉంది. దాన్ని కింద పెట్టేసింది, పెట్టకపోతే ఏం చేస్తుందో తనకే నమ్మకం లేక.

అప్పుడు మొహియుద్దీన్ నోరు విప్పాడు. బల్ల మీది నుంచి లేవకుండానే, తన కమాను ఏదీ ఇంతవరకూ విరగలేదన్నాడు. ఇదీ విరగలేదు, కావాలంటే చూసుకోండన్నాడు. సన్నీ తెచ్చినప్పుడు కారు వెనక భాగం నేలకు దిగిపోయి ఉందనీ, దాన్ని సాపుగా లేపి నిలబెట్టాననీ, నలభై ఏళ్లుగా తాను చేస్తున్నది అదే పననీ చెప్పాడు. జారిందంటే ముందు చక్రాల మీద కూతురు వేసిన మెత్తటివాటి వల్లే జారి ఉంటుందన్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అలా నమ్మాడు. మెహక్‌కు అదే ఇంకా మండింది.

“దిగిపోయి ఉందా? నాను బిగించి పంపిన బండి ఊరికే ఎందుకు దిగుతాది?” అంది. తర్వాత సన్నీ వైపు తిరిగింది. “ఈ స్ప్రింగు ఏయించుకున్న రోజు డిక్కీలో ఏటుంది?”

చిట్టమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు రొయ్యలు తీసుకెళ్లే ఆటో రాలేదు. ఐసు కరిగిపోతోందని కొడుకు కారు డిక్కీలోనూ వెనక సీటులోనూ ఐసు పెట్టెలు సర్దించి పైన గోనె కప్పించింది ఆమే. కంపెనీ వ్యాను దగ్గర దింపి రమ్మంటే, సన్నీ అవి కార్లో ఉండగానే దారిలో ఇక్కడ ఆగి పని చేయించుకున్నాడు. రొయ్యల వాసన ఎందుకు వస్తోందని ముసలాయన అడగలేదు. వన్‌టౌన్‌లో ఆ వాసన ఎవరూ అడగరు.

లారీ కమాను కట్టేవాడు బరువు ఎక్కించిన లారీనే చూస్తాడు. తోక ఎంత దిగిందో చూసి, దాన్ని లేపేంత గట్టి ఇనుము వేస్తాడు. లారీకి అదే ధర్మం, దాని బతుకంతా బరువుతోనే. మొహియుద్దీన్ ఆ కారును లారీలాగే చూశాడు. ఆయన వేసిన స్ప్రింగు సన్నీకి, దుర్గకు తగినది కాదు, ఐసు పెట్టెలకు తగినది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మెహక్ ఇదంతా జగ్గయ్యకు చెప్పింది. ఆయనకు స్ప్రింగుల భాషలో చెబితే ఎక్కదని తెలిసి పడవ భాషలో చెప్పింది. “ఐసూ డీజిలూ ఎక్కించకుండా ఖాళీ పడవ చేపల యేటకి తీసుకెళ్తావా మావయ్యా?”

జగ్గయ్య వెంటనే తీసుకెళ్లనన్నాడు. ఖాళీ పడవ నీటిని పట్టుకోదు, ప్రతి అలకూ ఎగురుతుంది, తిప్పితే తిరగదు. అంటూ అంటూ ఆయనే ఆగిపోయాడు. ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. కొండ దిగుతూ బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వస్తుంది. వెనక ఏమీ లేదు. మలుపులో అతుకుల రోడ్డు. వెనక చక్రాలు ఎగిరాయి, కారు తిరిగింది, గోడ వచ్చింది.

ఆయన చెయ్యి సన్నీ మీదకు లేచింది. చిట్టమ్మ మధ్యలోకి వచ్చి పట్టుకుంది. కొడుకు మీద జాలితో కాదు. “ఆణ్ని కొడితే ఏటొస్తాది? ఈ పిల్లని ఈదిలో నిలబెట్టి తిట్టింది నువ్వు. ముందది సూసుకో,” అంది. జగ్గయ్య మెహక్ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లి కోడలికి తానే చెబుతానని, హార్బర్లో మైకు పెట్టైనా చెప్పిస్తానని గొణిగాడు.

వారం రోజులుగా ఆ మాట కోసమే మెహక్ ఎదురుచూసింది. తీరా వచ్చాక అది చేదుగా తగిలింది. ఎందుకంటే తనను తిట్టినవాడు తప్పు ఒప్పుకున్నాడు, తనను కన్నవాడు ఇంకా బల్ల మీదే కూర్చుని ఉన్నాడు.

“నీ పనిలో తప్పు లేదనే నమ్మినావు. సరే,” అంది తండ్రితో. గొంతు బాగా తగ్గిపోయింది. “తప్పు లేనప్పుడు నానే ఏసినాను అని సెప్పడానికేటి అబ్బా? ఆళ్లు నన్ను అన్ని మాటలంటంటే, ఒక్కసారి, ఒక్కసారైనా ఎందుకు లేవనేదు? నాను నీ కూతుర్ని కాదా?”

మొహియుద్దీన్ ఆ ప్రశ్న విన్నట్టు లేదు. ఆయన చూపు కింద పడి ఉన్న స్ప్రింగు మీద ఉంది. ముఖంలో రంగు మారుతోంది. బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు.

“ఖాళీ అంటే ఎంత ఖాళీ?” అని అడిగాడు. “మనుషులు ముగ్గురు కూకుంటే?”

“ముగ్గురు మనుషులు ఐసు పెట్టెలకి సరితూగుతారేటి? ఖాళీ కిందే లెక్క. ఘాట్ మీద వాన పడితే మరీనూ. ఎందుకు?”

“రెండు జతలు చేశాను,” అన్నాడు ముసలాయన. “ఆ పాత గూడ్స్ వ్యానుకి ముందు రెండు, వెనక రెండు ఉన్నాయి. ఇనుము బాగుందని... సాకిబ్ కారు కూడా అందరూ కూకుంటే దిగుతోందని...”

మెహక్‌కు ముందు అర్థమైంది కారు సంగతి కాదు. కూతురి కోసం వారమంతా పెగలని నోరు, కొడుకు పేరు గుర్తుకు రాగానే పెగిలింది. అది గుండెల్లో దిగింది. దిగనిచ్చి, ఫోన్ తీసింది. దాన్ని తర్వాత తేల్చుకోవచ్చు.

సాకిబ్ నంబరు అందుబాటులో లేదు. అనమ్‌ది కూడా లేదు. అమ్మీకి చేసింది. మోగింది. జగ్గయ్య అప్పటికే తన జీపు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. మోగుతూ మోగుతూ ఆగిపోతుందనుకునేసరికి అమ్మీ ఎత్తింది.

అమ్మీ జమాలున్నీసా గొంతు పండగలా ఉంది. కాఫీ తాగామంది, నీకు కాఫీ పొడి కొన్నామంది. మబ్బు పట్టి వాన మొదలైందనీ, అందుకే తొందరగా బయల్దేరి అనంతగిరి ఘాట్ దిగుతున్నామనీ చెప్పింది. మెహక్ మాట్లాడబోతే వినిపించుకోలేదు.

“సాకిబ్ ఏమంటున్నాడో తెలుసా? అబ్బా వేసిన స్ప్రింగులతో కారు రాయిలా నిలబడుతోందట. నీకు చెప్పొద్దన్నాడు మీ అబ్బా, నువ్వు చిన్నబుచ్చుకుంటావని.”

అమ్మీకి కూడా తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు.

“అమ్మీ, ఆపమను. సాకిబ్‌ని కారు ఆపమను,” అని మెహక్ అరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అరవడం వన్‌టౌన్‌లో ఎవరూ వినలేదు. అమ్మీ కూడా వినలేదు. ఆ మాట సగంలో ఉండగానే లైను కట్ అయింది.